టేకులపల్లి బడికి ఏ లైనక్స్?

టేకులపల్లి లాంటి చోట సర్వర్ ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. సర్వర్ అనగానే హైదరాబాద్‌లో ఏసీ గదులు, అద్దాల వెనక మినుకుమనే బీరువాలు గుర్తొస్తాయి కాబట్టి ఆ ప్రశ్న సహజమే. కానీ చేసే పనిని బట్టి చూస్తే, పక్క కంప్యూటర్లు అడిగింది ఇచ్చే కంప్యూటరే సర్వర్. బడిలో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ కూడా ఆ పని చేయగలదు.

ఇల్లందు నుంచి కొత్తగూడెం వెళ్ళే దారిలో ఉంది ఈ మండలం. కోయ గూడేలు, లంబాడీ తండాలు, వాటి మధ్య అడవి. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఇల్లందు ఒకవైపు, థర్మల్ కేంద్రం ఉన్న పాల్వంచ ఇంకోవైపు. రాష్ట్రానికి వెలుగిచ్చే ప్రాంతమే అయినా, ఒక గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడిందంటే ఇక్కడ కరెంటు పోతుంది, దాని వెంటే నెట్ పోతుంది. కరెంటు గంటలో వచ్చినా నెట్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. అప్పటిదాకా బడిలోని కంప్యూటర్లు టైపింగ్ నేర్చుకోవడానికి తప్ప ఎందుకూ కొరగావు.

అక్కడే చిన్న సర్వర్ ఒకటి ఉందనుకోండి. తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటన్నిటినీ ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదువుకునేందుకు కివిక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ 2007 నుంచీ ఉంది. ఆ ఫైలు సర్వర్‌లో పెడితే వైఫై అందే మేరకు ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ విజ్ఞాన సర్వస్వం అందుతుంది. డేటా ఖర్చు పైసా ఉండదు. పదో తరగతి పాత ప్రశ్నపత్రాలు, పాఠాల వీడియోలు కూడా అంతే. వీటన్నిటికన్నా ముఖ్యమని నాకు తోచేది మరొకటి ఉంది, ఇక్కడి మనుషుల గొంతు. ఇదే జిల్లాలో మణుగూరు వైపు కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ తరం పాడినవీ చెప్పినవీ పిల్లలు ఫోనులో రికార్డు చేసి తెస్తే, ఫోను పోయినా పాట పోకుండా దాచే చోటు ఊళ్ళోనే ఒకటి ఉండాలి.

మరి ఆ పెట్టెలో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలి? విండోస్ సర్వర్ అయితే లైసెన్సు కొనాలి. దాన్ని వాడేవాళ్ళ లెక్కన విడిగా మరో లైసెన్సు కూడా ఉంటుంది. బడి బడ్జెట్‌లో ఆ ముచ్చట తీరదు. మిగిలేది లైనక్స్. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ అసలు ఒక కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ మాత్రమే. దాని చుట్టూ వేల ప్రోగ్రాములను చేర్చి, ఒకదానితో ఒకటి పడేలా పరీక్షించి, ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలుగా ఇచ్చేదే డిస్ట్రిబ్యూషన్. వాడుకలో డిస్ట్రో అంటారు. ఇలాంటివి వందల్లో ఉన్నాయి. సర్వర్ పనికి లైనక్స్ సరిపోతుందా అన్న అనుమానం ఎవరికీ అక్కర్లేదు. ప్రపంచంలోని అతిపెద్ద 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి లైనక్స్ మీద నడవనిది ఒక్కటీ లేదు. ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే. ఈ డిస్ట్రో ఎవరి చేతిలో ఉంది? ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తుంది? మిగతా గుణగణాలన్నీ ఆ తర్వాతే.

ఈ మాట ఎందుకంటున్నానో సెంటోస్ కథ చెబుతుంది. పదిహేనేళ్ళకు పైగా మన దేశంలో కాలేజీలు, హోస్టింగ్ కంపెనీలు కళ్ళు మూసుకుని వేసిన సర్వర్ డిస్ట్రో అది. రెడ్ హ్యాట్ కంపెనీ డబ్బుకు అమ్మే ఎంటర్‌ప్రైజ్ లైనక్స్‌కు సోర్స్ కోడ్ బయట దొరికేది. దాని నుంచి పేరూ గుర్తులూ తీసేసి మళ్ళీ తయారుచేసి 2004 నుంచి ఉచితంగా పంచారు సెంటోస్ వాళ్ళు. 2014లో రెడ్ హ్యాట్ ఆ ప్రాజెక్టును తన కిందికి తెచ్చుకుంది. 2019లో ఐబీఎమ్ 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌నే కొనేసింది. అప్పటిదాకా ఎవరికీ ఏ నష్టమూ కనబడలేదు. 2020 డిసెంబరు 8న ప్రకటన వచ్చింది. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8ను 2021 డిసెంబరు 31తో ఆపేస్తున్నామన్నారు. బదులుగా చూపించిన సెంటోస్ స్ట్రీమ్, రెడ్ హ్యాట్ తర్వాతి వెర్షన్‌లోకి వెళ్ళబోయే మార్పులు ముందుగా దిగే చోటు. కదలకుండా ఉండే సర్వర్ కావాలన్నవాళ్ళకు అది పనికొచ్చేది కాదు. కౌలు భూమిలో మామిడితోట వేసినట్టయింది వాళ్ళ పని. చెట్లు బాగానే పెరిగాయి, కాపుకొచ్చే ఏడు భూమి యజమాని మనసు మార్చుకున్నాడు. పాత వెర్షన్ సెంటోస్ 7 మాత్రం చెప్పిన గడువు దాకా నడిచి 2024 జూన్ 30న ఆగింది. ఇప్పటికీ అదే నడుపుతున్నవాళ్ళు తాళం లేని ఇంట్లో ఉన్నట్టే లెక్క. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఉచితంగా మరమ్మతులు రావు.

ఆ దెబ్బ తర్వాత రెండు వారస డిస్ట్రోలు వచ్చాయి. సెంటోస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కుర్ట్జర్ రాకీ లైనక్స్ మొదలుపెట్టారు. దివంగత సహచరుడు రాకీ మెక్‌గా పేరే దానికి పెట్టారు. క్లౌడ్‌లైనక్స్ కంపెనీ ఆల్మాలైనక్స్ తెచ్చి, తర్వాత దాన్ని ఒక ఫౌండేషన్‌కు అప్పగించింది. రెండూ 2021లోనే వచ్చాయి, రెండూ ఒక్కో వెర్షన్‌కు పదేళ్ళ మద్దతు చెబుతాయి. 2023 జూన్‌లో రెడ్ హ్యాట్ మరో మలుపు తిప్పింది. తన ఎంటర్‌ప్రైజ్ సోర్స్ కోడ్ బహిరంగంగా పెట్టడం మానేసి, కొనుక్కున్నవాళ్ళకే పరిమితం చేసింది. రాకీ వేరే దారులు వెతుక్కుంది. ఆల్మా అచ్చుగుద్దినట్టు రెడ్ హ్యాట్‌లాగే ఉండాలన్న పట్టు వదిలి, అదే ప్రోగ్రాములు నడిస్తే చాలనుకుంది. పదేళ్ళ హామీ చిన్నదేమీ కాదు. కొత్తగూడెం కుర్రాళ్ళెవరైనా హైదరాబాద్ కంపెనీల్లో సర్వర్ ఉద్యోగం చేయాలంటే ఈ కుటుంబం తెలిసి ఉండాల్సిందే. అయితే పల్లె బడికి ఇందులో ఒక చిక్కుంది, అది ప్రాసెసర్ వయసు. రెడ్ హ్యాట్ 9వ వెర్షన్ నుంచే సుమారు 2009కి ముందునాటి ప్రాసెసర్లను వదిలేసింది. 2025 మేలో వచ్చిన 10వ వెర్షన్‌కు ఇంటెల్‌లో 2013 నాటి హ్యాస్‌వెల్ తరమో ఆ తర్వాతదో కావాలి. దాతలు ఇచ్చిన పాత పెట్టెలే దిక్కైన చోట సగం ఇక్కడే రాలిపోతాయి. ఆల్మా మాత్రం 10వ వెర్షన్‌లో పాత ప్రాసెసర్లకు విడిగా ఒక రకం తయారుచేస్తోంది. ఆ ఔదార్యం మెచ్చుకోవాలి.

ఉబుంటు సర్వర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసినదే. 2004లో మార్క్ షటిల్‌వర్త్ మొదలుపెట్టాడు, కానానికల్ కంపెనీ నడుపుతోంది. రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో దీర్ఘకాలిక వెర్షన్ వస్తుంది, దానికి ఐదేళ్ళ మద్దతు. ఉబుంటు ప్రో ఖాతా తీసుకుంటే ఇంకో ఐదేళ్ళు పెరుగుతుంది. సొంతానికి వాడుకునేవాళ్ళకు ఐదు మెషీన్ల వరకు అది ఉచితం. ఏ సమస్య వచ్చినా యూట్యూబ్‌లో ఉబుంటుకు సమాధానం దొరుకుతుంది, తెలుగులో చెప్పేవాళ్ళూ ఉన్నారు. నేర్చుకునే పిల్లలకు ఇది పెద్ద ఆసరా. కానీ యజమాని ఇక్కడా కంపెనీయే. ఇప్పటిదాకా సెంటోస్ లాంటి పని చేయలేదు, రేపు చేయదని ఎవరూ రాసివ్వలేదు.

ఉబుంటుకు మూలం డెబియన్. 1993 ఆగస్టు 16న ఇయన్ మర్డాక్ ప్రకటించాడు. అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరూ తన పేరూ కలిపి ఆ పేరు పెట్టాడు. వెర్షన్లకు టాయ్ స్టోరీ సినిమాలోని బొమ్మల పేర్లుంటాయి. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 బుక్‌వార్మ్, 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 ట్రిక్సీ. ఈ ముచ్చట్ల వెనక గట్టి విషయం ఒకటుంది. డెబియన్‌కు యజమాని లేడు. ప్రపంచమంతా ఉన్న స్వచ్ఛంద డెవలపర్లు ఏటా ఓటేసి నాయకుణ్ణి ఎన్నుకుంటారు. వాడేవాళ్ళకు ఏం హామీ ఇస్తున్నారో 1997లోనే సామాజిక ఒప్పందంగా రాసుకున్నారు. ఇన్‌స్టాలర్‌లో హార్డ్‌వేర్ కంపెనీల మూసి ఉంచిన ఫర్మ్‌వేర్ పెట్టాలా వద్దా అన్నది కూడా 2022లో ఓటింగుతోనే తేలింది. అంతకుముందు వైఫై కార్డు పనిచేయక తలపట్టుకున్నవాళ్ళు ఆ తీర్పుతో ఊపిరి పీల్చుకున్నారు. కొనడానికి కంపెనీ లేదు కాబట్టి ఏ ఐబీఎమ్మూ దీన్ని కొనలేదు. 2023 సెప్టెంబరులో వాళ్ళ వార్షిక సమావేశం కొచ్చిలో జరిగింది, మన దేశంలో అదే మొదటిది.

ఒక్కో డెబియన్ వెర్షన్‌కు మూడేళ్ళ మద్దతు, దాని మీద మరో రెండేళ్ళ దీర్ఘకాలిక మద్దతు. రాకీ పదేళ్ళ పక్కన ఐదేళ్ళు తక్కువే. కానీ ఒక వెర్షన్ నుంచి తర్వాతిదానికి, ఉన్న ఫైళ్ళు ఉన్నట్టే ఉంచి ఎక్కించడం డెబియన్‌లో మొదటి నుంచీ ఉన్న అలవాటు. రెడ్ హ్యాట్ కుటుంబంలో దానికి విడిగా పరికరాలు కావాలి, తలనొప్పీ ఎక్కువే. అందుకే ఐదేళ్ళ గడువు అంతగా భయపెట్టదు.

డెబియన్ 13లో పల్లెలకు తగిలే మార్పు ఒకటుంది. 32 బిట్ కంప్యూటర్లకు ఇన్‌స్టాలర్ ఆపేశారు. 2000ల తొలినాళ్ళ పెంటియం పెట్టెలు ఉన్న బళ్ళకు ఇది తలుపు మూసినట్టే. నా దృష్టిలో అందులో పెద్ద నష్టం లేదు. ఆ పెట్టెలు తాగే కరెంటుకు కొత్త చిన్న కంప్యూటర్ కొనుక్కోవడమే మేలు. 64 బిట్ ప్రాసెసర్ ఏదైనా సరే, డెస్క్‌టాప్ లేకుండా వేస్తే 512 ఎంబీ మెమరీ, 4 జీబీ డిస్క్ చాలు మొదలుపెట్టడానికి. వికీపీడియా పెట్టాలంటే డిస్క్ పెద్దది కావాలనుకోండి, అది వేరే సంగతి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొత్తవాళ్ళు తడబడే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటి తెరపై గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటేనే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. అక్షరాలు మాత్రమే ఉండే పద్ధతిలో గుణింతాలు, ఒత్తులు సరిగా చూపలేదు కాబట్టి అందులో తెలుగు ఉండదు. రూట్ పాస్‌వర్డ్ అడిగిన చోట ఖాళీగా వదిలేస్తే, తర్వాత సృష్టించే మామూలు ఖాతాకే అధికారాలు వస్తాయి. రెండు పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునే బాధ తప్పుతుంది. చివర్లో ఏయే సాఫ్ట్‌వేర్ కావాలో అడిగే తెర అసలైనది. అక్కడ డెస్క్‌టాప్‌కు ముందే టిక్ పెట్టి ఉంటుంది. స్పేస్ నొక్కి దాన్ని తీసేసి, వేరే కంప్యూటర్ నుంచి దీన్ని నడపడానికి వీలిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌కు టిక్ పెట్టాలి. ఇది గమనించకుండా ఎంటర్ కొట్టేసి, సర్వర్ మీద గ్నోమ్ డెస్క్‌టాప్ మోస్తూ నెమ్మదిగా ఉందని తిట్టుకునేవాళ్ళు తక్కువేం కాదు. తెలుగు ఫాంట్ల గురించి బెంగ అవసరం లేదు. ఫైళ్ళ పేర్లు తెలుగులో పెట్టినా సర్వర్ భద్రంగా దాస్తుంది. అక్షరాలు చూపించే పని చదివేవాడి ఫోనుది.

మన దేశపు సొంత ప్రయత్నాలు చూస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ 2007లో వచ్చింది. తెలుగుతో సహా భారతీయ భాషలకు మద్దతు ఉంది, సర్వర్ రకమూ ఉంది. 2015లో కేంద్ర ప్రభుత్వం ఓపెన్ సోర్స్ వాడకంపై విధానం ప్రకటించాక ప్రభుత్వ ఆఫీసుల్లో దాని పేరు వినబడింది. అయితే బాస్‌కూ పునాది డెబియనే. డెబియన్ కొత్తది తెచ్చాకే బాస్ కొత్తది తేగలదు. ప్రభుత్వ కార్యాలయం అడిగితే తప్ప, మూలం ఉచితంగా చేతికందుతున్నప్పుడు ఒక మెట్టు కిందిది ఎందుకు ఎంచుకోవాలో నాకు తెలియదు. ఇక హైదరాబాద్ కేంద్రంగా 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ మీద, కాలేజీ విద్యార్థులకు ఫ్రీ సాఫ్ట్‌వేర్ నేర్పడం మీద పనిచేసింది. ఆ శిబిరాల్లో కూర్చున్న కుర్రాళ్ళలో కొందరు ఇవాళ మంచి సర్వర్ నిర్వాహకులు. కేరళ ఇంకా ముందుకెళ్ళి, ప్రభుత్వ బళ్ళన్నిటినీ లైనక్స్ మీదికి తెచ్చింది. అది ప్రభుత్వం పూనుకున్న పని. మన దగ్గర ఉత్సాహవంతుల మీదే వదిలేశారు.

ఓపెన్‌సూసె, ఆల్పైన్, ఆర్చ్ లాంటివి ఎవరి చోటులో అవి మంచివే. ఆల్పైన్ అయితే ముచ్చటగొలిపేంత చిన్నది. కానీ కొత్తగా మొదలుపెట్టే బడికి వీటిలో ఏదీ తొలి మాటగా చెప్పను.

డెబియన్ మంచిదే, కానీ నల్ల తెర మీద ఆదేశాలు కొట్టేవాళ్ళు టేకులపల్లిలో ఎవరున్నారు? ఇది న్యాయమైన అభ్యంతరం. దీనికి జవాబుగా నేను చూపించేది ఫ్రీడమ్‌బాక్స్. 2010లో కొలంబియా యూనివర్సిటీ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ ఒక ప్రసంగంలో, మన ఉత్తరాలూ ఫోటోలూ కంపెనీల చేతిలో కాక ఇంట్లో ఉన్న చిన్న పెట్టెలో ఉండాలన్నాడు. ఆ మరుసటి ఏడు ప్రజలు విరాళాలిచ్చి ఆ ప్రాజెక్టును నిలబెట్టారు. ఇది డెబియన్ నుంచి వేరుపడిన డిస్ట్రో కాదు, డెబియన్‌లోనే ఒక భాగం. డెబియన్ వేసిన సర్వర్ మీద ఫ్రీడమ్‌బాక్స్ అనే ఒక్క ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే చాలు, ఆపైన పనంతా బ్రౌజర్‌లోనే. కివిక్స్ కావాలా, మీటల మీద నొక్కి ఎక్కించుకోవచ్చు. ఫైళ్ళు పంచుకోవడానికి సాంబా, ఊరి వికీ రాసుకోవడానికి మీడియావికీ, పిల్లలూ టీచర్లూ వాడే చాట్, నెక్స్ట్‌క్లౌడ్, వీటన్నిటి బ్యాకప్, అన్నీ అక్కడే. అప్‌డేట్లు దానంతట అదే వేసుకుంటుంది.

తెలుగువాళ్ళకు ఇందులో చెప్పుకోదగ్గ సంగతి ఉంది. ఏళ్ళ తరబడి ఈ ప్రాజెక్టు కోడ్‌ను ప్రధానంగా నడిపిస్తున్నది డెబియన్ డెవలపర్ సునీల్ మోహన్ అడప. హైదరాబాద్ చేతులు దీని మీద చాలా పడ్డాయి. దాని తెర మీది మాటలకు తెలుగు అనువాదమూ ఉంది. మన పల్లెల్లో ఈ పెట్టె పెట్టి వైఫై పంచిన ప్రయోగాలు జరిగాయి, స్వేచ్ఛ కార్యకర్తలు వాటిలో ఉన్నారు. అంటే న్యూయార్క్‌లో పుట్టిన ఆలోచన మన నేల మీద ఒకసారి నడిచి చూసింది. ఎంబీలు ఖర్చయిపోతాయని భయపడే పిల్ల తన ఫోనులో ఆ పెట్టె వైఫైకి కలిసి, బ్రౌజర్‌లో దాని చిరునామా కొట్టి, సమ్మక్క సారలమ్మ జాతర గురించో కిరణజన్య సంయోగక్రియ గురించో తెలుగులో చదువుకోవచ్చు. లోపాలూ లేకపోలేదు. వికీపీడియా ఫైలు మొదటిసారి ఎక్కించడానికి మంచి నెట్ ఉన్న చోటికి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళక తప్పదు. బ్రౌజర్ తెరకు అందని తప్పు ఏదైనా వస్తే మళ్ళీ నల్ల తెరే దిక్కు.

ఏ డిస్ట్రో వేసినా అడవి ప్రాంతంలో సర్వర్‌ను చంపేది సాఫ్ట్‌వేర్ కంటే కరెంటే. డెబియన్ వాడే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఫైళ్ళ అమరికలో (మెటాడేటాలో) చేసే మార్పులను ముందు జర్నల్‌లో రాసుకుంటుంది కాబట్టి హఠాత్తుగా ఆగినా మామూలుగా లేచి నిలబడుతుంది. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి మెమరీ కార్డు మీద నడిపితే మాత్రం పదే పదే కరెంటు పోయే చోట ఆ కార్డు ఎంతోకాలం బతకదు. ఎస్ఎస్‌డీ పెట్టాలి. బయోస్‌లో కరెంటు తిరిగొచ్చినప్పుడు దానంతట అదే ఆన్ అయ్యే అమరిక ఒకటి ఉంటుంది. అది పెట్టకపోతే ఆదివారం కరెంటు పోయి వచ్చాక సోమవారం హెడ్‌మాస్టరు వచ్చి మీట నొక్కేదాకా సర్వర్ నిద్రలోనే ఉంటుంది. పాత పెట్టెల్లో మరో చిత్రమైన జబ్బు ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. అప్పుడు అప్‌డేట్ చేయబోతే ఈ ఫైలు ఇంకా చెల్లుబాటు కాలేదని డెబియన్ మొరాయిస్తుంది. దాని లెక్కలో మనమింకా ఏ పదేళ్ళ కిందటో ఉన్నాం మరి. డిస్ట్రో పాడైందని మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేస్తారు చాలామంది. ఆ బ్యాటరీ ఖరీదు వంద రూపాయల లోపే.

మిషన్ భగీరథ పైపులతో పాటే గొట్టాలు వేసిన టీఫైబర్ పల్లెలన్నిటికీ పూర్తిగా అందాక ఈ సర్వర్ గొడవ ఎందుకని అడగవచ్చు. నెట్ వచ్చినా రామచంద్రయ్య తరం పాటలను దాచి వెతికిపెట్టే బాధ్యత క్లౌడ్ కంపెనీ నెత్తినేసుకోదు. నెలనెలా అద్దె కట్టే నాథుడు లేని రోజున అవి ఉంచదు కూడా. పైగా సర్వర్ అంటే ఏమిటో చేతులు పెట్టి నేర్చుకున్న తొమ్మిదో తరగతి పిల్లవాడికి అబ్బే విద్యను ఏ ఫైబర్ తీగా ఇవ్వదు.

నా తీర్పు సూటిగా చెబుతాను. సర్వర్ ఉద్యోగాలకు సిద్ధమయ్యే డిగ్రీ విద్యార్థులు ఆల్మా గానీ రాకీ గానీ నేర్చుకోండి. ఒంటరిగా నేర్చుకుంటూ వీడియోల సాయం కావాలంటే ఉబుంటు. ఊరి బడికీ, లైబ్రరీకీ, ఆశ్రమ పాఠశాలకూ అయితే డెబియన్ 13, దాని మీద ఫ్రీడమ్‌బాక్స్. డెబియన్ 13కు 2030 జూన్ దాకా గడువుంది. 2025-26లో ఆరో తరగతి చదివిన పిల్లలు పది పాసయ్యేదాకా అది సరిపోతుంది. కొత్తగూడెం, ఇల్లందు, టేకులపల్లి నుంచి హైదరాబాద్ వెళ్ళి సాఫ్ట్‌వేర్ పనుల్లో ఉన్నవాళ్ళు దసరాకు ఇంటికొచ్చేటప్పుడు ఒక పాత కంప్యూటర్, ఒక ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్‌లో తెలుగు వికీపీడియా పట్టుకురండి. ఇన్‌స్టాల్ మీరు చేసి వెళ్ళిపోకండి, ఒక టీచరుతో, ఇద్దరు పిల్లలతో చేయించండి. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉంచండి.